జూకెళ్దాం సరే.. ఏ జూకి?

పరీక్షలైపోతాయి. నాలుగు రోజులు టీవీ, మరో నాలుగు రోజులు ఫోను. ఆ తర్వాత ఇంట్లో పాట మొదలవుతుంది.. 'నాన్నా, ఎక్కడికైనా వెళ్దాం!' సినిమా అంటే మూడు గంటల్లో అయిపోతుంది. ఊటీ అంటే ఆఫీసులో నాలుగు రోజుల సెలవు కావాలి, చేతిలో డబ్బూ ఆడాలి. ఓపక్క నానమ్మ మోకాళ్లు, మరోపక్క చంటిదాని పాలసీసా.. అన్నీ లెక్కేసుకుని ఇంటిపెద్ద చివరికి ఒకటే మాట తేలుస్తాడు. 'జూకెళ్దాం!' పిల్లలు ఎగిరి గంతేస్తారు. అమ్మ పులిహోరకు చింతపండు నానబెట్టేస్తుంది. ఏ జూకి, ఏ రోజున, ఎన్ని గంటలకు అన్నది మాత్రం ఎవరూ మాట్లాడుకోరు.

అందుకే చాలా ఇళ్లలో జూ రోజు ఒకేలా గడుస్తుంది. బయల్దేరేసరికి పది. గేటు దగ్గర క్యూ దాటేసరికి పన్నెండు. నెత్తిన ఎండ. సింహం ఎక్కడో చెట్టు కింద తోక కూడా కదపకుండా పడుకుని ఉంటుంది. 'లేవదేంటి నాన్నా?' అని చిన్నోడు. నాన్న ఈల వేస్తాడు. పక్కనున్న కుర్రాళ్లు రాయి అందుకుంటారు. పులి జాడే ఉండదు. ఏనుగు దగ్గరికెళ్లేసరికి నానమ్మ ఇక అడుగు వేయలేనని బెంచీ మీద కూలబడుతుంది. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు అడిగితే వచ్చే జవాబు.. 'ఏముందండీ, అన్నీ పడుకునే ఉన్నాయి!'

పాపం, సింహం చేసిన తప్పేమీ లేదు. అది గిర్ అడవిలో ఉన్నా రోజుకు పదహారు నుంచి ఇరవై గంటలు విశ్రాంతిగానే గడుపుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి లేచి కూర్చుంటేనే ఆశ్చర్యపోవాలి.

జూ అనగానే అందరూ అడిగే ప్రశ్న 'అక్కడ ఎన్ని జంతువులున్నాయి?' అని. దాని వల్ల పెద్ద ఉపయోగం లేదు. నిజానికి అడగాల్సిన ప్రశ్నలు వేరే రెండున్నాయి. ఒకటి, మనింట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరు? రెండు, ఆ జూలో జంతువు మన కంటపడకుండా దాక్కోవాలనుకుంటే చోటుందా? రెండోది కాస్త విడ్డూరంగా అనిపించొచ్చు. డబ్బులిచ్చి టిక్కెట్టు కొనేది చూడ్డానికి కదా అనొచ్చు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు కాళ్ల సంగతి.

ఎవరి కాళ్లను బట్టి?

హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు. విశాఖ ఇందిరాగాంధీ జూ 625 ఎకరాలు. తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ అయితే ఏకంగా 5,532 ఎకరాలు. చాలామంది ఈ అంకెలు చూసే మురిసిపోతారు. నడిచేది మాత్రం కాళ్లు కదా! ఐదేళ్లలోపు పిల్లలు అరగంటలో 'ఎత్తుకో' అంటారు. అరవై దాటినవాళ్లు గంటలో నీడ వెతుక్కుంటారు. మధ్యలో ఉన్న అమ్మానాన్నలు ఒక చంకలో పిల్లని, ఒక చేత్తో సంచిని మోస్తూ మిగతా రోజంతా లాక్కొస్తారు.

చంటిపిల్లలున్న ఇంటికి చిన్న జూయే మేలు. ఆ వయసువాళ్లకు జిరాఫీ ఎంతో కోతీ అంతే. ఖడ్గమృగం ముందు నిలబెట్టినా కాళ్ల దగ్గర చీమల బారునే చూస్తారు. వరంగల్, కరీంనగర్, ఖమ్మం చుట్టుపక్కల వాళ్లు చంటిపిల్లాణ్ని తీసుకుని తెల్లవారుజామున హైదరాబాద్ బస్సెక్కే బదులు హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి వెళ్లొచ్చు. ఒకప్పుడు వన విజ్ఞాన కేంద్రంగా జనానికి తెలిసిన చోటు అది. ఎకరాల్లో చూస్తే హైదరాబాద్ జూ ముందు ఏపాటిది కాదు. కానీ పూటలో తీరిగ్గా చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరొచ్చు. పిల్లాడు ఏడవకుండా, తాతయ్య కాళ్లు పట్టేయకుండా గడిచిన పూటను మించిన విహారం ఏముంటుంది?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే లెక్క మారుతుంది. నడుస్తారు, అడుగుతారు, గుర్తుపెట్టుకుంటారు. పెద్ద జూలు అసలు పనికొచ్చేది వాళ్లకే. అక్కడ కూడా బ్యాటరీ బండి ఉందా, టాయ్‌ట్రైన్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెళ్తుందన్నవి ముందే కనుక్కుంటే నానమ్మను ఇంట్లో వదిలేసి వెళ్లాల్సిన అవసరం రాదు. అసలు నానమ్మ లేకుండా జూకెళ్లడం ఓ రకంగా నష్టమే. పుస్తకాల పుణ్యమా అని జీబ్రాను ఠక్కున గుర్తుపట్టే పిల్లలకు నక్కను, ఉడుమును, ముంగిసను చూపించి 'ఇదేంటో చెప్పు' అంటే తెల్లమొహం వేస్తారు. చిన్నప్పుడు పొలం గట్ల మీద వాటిని చూసింది ఆ తరమే.

ముగ్గురూ మూడు రకాలు

హైదరాబాద్ జూకి మీర్ ఆలం చెరువు పక్కన 1963 అక్టోబరు 6న తలుపులు తెరిచారు. అంతకుముందు నగరంలో జంతువులుండేది బాగే ఆం అని పిలిచే పబ్లిక్ గార్డెన్స్‌లో. అక్కణ్నుంచి వచ్చిన ఓ గెలాపగోస్ తాబేలు ఈ జూలోనే ఆరు దశాబ్దాలు బతికి 2024 మార్చిలో చనిపోయింది. దాని వయసు 125 ఏళ్లని జూవాళ్ల అంచనా. తాతలు చిన్నప్పుడు చూసిన తాబేలునే మనవలూ చూశారన్నమాట! ఇనుప చువ్వల బోనుల్లో కాకుండా కందకాల అవతల చెట్ల మధ్య జంతువులను ఉంచే పద్ధతి ఇక్కడ మొదట్నుంచీ ఉంది. అద్దాల బస్సులో సఫారీ ఉంది. పిల్లలు ఎక్కువగా దాని గురించే కలవరిస్తారు. కానీ ఈ జూలో ఎవరూ తప్పిపోకూడని చోటు వేరే ఉంది.. నిశాచర జంతువుల గృహం. పగలంతా లోపల చీకటిగా ఉంచి, రాత్రి దీపాలు వేస్తారు. దాంతో ఆ జీవులకు మన పగలే రాత్రి. బయట ఎండలో సింహం గురకపెడుతున్న వేళకే లోపల దేవాంగపిల్లి కళ్లింత చేసుకుని కొమ్మ మీద మెల్లగా పాకుతుంటుంది. లోపలికి వెళ్లగానే ఏమీ కనిపించడం లేదని వెనక్కి వచ్చేస్తారు చాలామంది. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడాలి. ఫోను లైటు వేయకూడదు. ఆ కాస్త ఓపిక పడితే మండుటెండలో కూడా మెలకువగా ఉన్న జంతువులను చూసే భాగ్యం కలుగుతుంది.

ఇదే జూలో జనం అంతగా పట్టించుకోని కథ ఇంకోటుంది. మూషిక జింక. మన దేశంలోని గిట్టల జంతువుల్లో అతి చిన్నది. ఇంచుమించు కుందేలంత ఉంటుంది. కేంద్ర జూ అథారిటీ, హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, జూ సిబ్బంది కలిసి 2010లో వీటి సంతతిని పెంచే పని మొదలెట్టారు. పెరిగిన వాటిని 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదులుతూ వచ్చారు. జూలో పుట్టిన జంతువు తిరిగి అడవికి వెళ్లడం! హైస్కూలు పిల్లలున్న ఇంటివాళ్లు ఈ ఒక్క సంగతీ దారిలో చెప్పి తీసుకెళ్తే చాలు. 'జంతువుల్ని ఎందుకు బంధించారు?' అని వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మిగతా సగానికి తేలికైన జవాబు లేదు. ఆ వాదన పిల్లలతో పెట్టుకోవడం కూడా మంచిదే.

హైదరాబాద్ వచ్చేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ.. మూడూ పాతబస్తీ చుట్టుపక్కలే కదా అని ఒకే రోజులో ఇరికించేస్తారు. మ్యూజియం చూసి అలసిపోయి మధ్యాహ్నం రెండుకి జూ గేటు దగ్గర దిగుతారు. అలా వెళ్లేకన్నా జూని మానేసి గాజులు కొనుక్కోవడం నయం.

విశాఖ జూది మరో తీరు. 1977లో మొదలైంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. ఆ పక్కనే కంబాలకొండ అడవి. ఒక గేటు జాతీయ రహదారి మీద, ఇంకో గేటు సముద్రం వైపు సాగర్‌నగర్‌లో ఉన్నాయి. ఆటోవాడికి ఏ గేటో సరిగ్గా చెప్పకపోతే చుట్టూ తిరిగి రావాల్సిందే. ఇక్కడి చిక్కల్లా సముద్రమే. పొద్దున బీచికి తీసుకెళ్లి, ఇసుకలో ఆడుతున్న పిల్లల్ని 'పదండి, పులిని చూద్దాం' అని లాక్కెళ్తే ఏ పులీ వాళ్లను మెప్పించలేదు. పొద్దున్నే జూ, సాయంత్రం బీచి.. వరుస ఇదే కావాలి.

తిరుపతి జూకి వెళ్లే కుటుంబాల్లో చాలామంది జూ కోసం బయల్దేరినవాళ్లు కారు. దర్శనమైంది, గుండ్లు చేయించుకున్నారు, రైలు రాత్రికి. మధ్యలో ఓ పూట మిగిలింది. 'ఇక్కడెక్కడో జూ ఉందటగా' అంటూ బయల్దేరతారు. క్యూలో రాత్రంతా నిలబడిన కాళ్లతో 5,532 ఎకరాల జూ! చూపించే భాగం అందులో కొంతే అయినా, ఒక ఎన్‌క్లోజర్‌కీ ఇంకో ఎన్‌క్లోజర్‌కీ మధ్య దూరాలు ఎక్కువే. బండి లేకుండా అక్కడ అడుగుపెట్టకపోవడమే మంచిది. కానీ ఆ దూరాల్లోనే దాని గొప్పతనమూ ఉంది. శేషాచలం కొండల కింద, సహజంగా పెరిగిన చెట్ల మధ్య 1987లో మొదలైన జూ ఇది. ఓ రోజు అదనంగా ఉంచుకుని, నిద్రపోయి లేచి వెళ్తే తెలుగునేల మీద ఇంత విశాలమైనది ఇంకోటి లేదు. తిరుమల వెళ్లొచ్చిన పిల్లలకు పునుగుపిల్లి గురించి చెప్పడానికీ ఇదే చోటు. శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి అద్దే పునుగు తైలం వచ్చేది ఆ జంతువు నుంచే. అది శేషాచలం అడవుల్లోనూ తిరుగుతుంది, కాకపోతే రాత్రిళ్లు మాత్రమే.

తిరుపతి, విశాఖ జూలకు సంబంధించి ఇంకో సంగతి పెద్దవాళ్లకు గుర్తుండొచ్చు. ఒకప్పుడు ఊళ్లోకి సర్కస్ వచ్చిందంటే సింహాలు, పులులు, ఎలుగుబంట్లు ఉండాల్సిందే. 1998లో కేంద్రం వాటితో ఆటలాడించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మరి సర్కస్ డేరాల్లో పుట్టి పెరిగిన ఆ జంతువులు ఎక్కడికి పోవాలి? వేటాడటం రాదు, అడవిలో వదల్లేరు. అలాంటివాటికి ముసలితనంలో నీడనిచ్చేందుకు దేశంలో పెట్టిన సంరక్షణ కేంద్రాల్లో రెండు విశాఖ, తిరుపతి జూలకు అనుబంధంగా వచ్చాయి. సర్కస్‌లో సింహాన్ని చూసి చప్పట్లు కొట్టిన తాతయ్య, ఆ సింహాలు చివరికి ఏమయ్యాయో మనవడికి చెప్పాల్సింది ఇక్కడే.

పొరుగు రాష్ట్రాలకు వెళ్తామంటే..

నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకు చెన్నై పక్కన వండలూరు దగ్గర. దేశంలో తొలి ప్రభుత్వ జూగా 1855లో మద్రాసులో మొదలైంది, జాగా చాలక వండలూరుకు తరలి 1985లో జనానికి తెరుచుకుంది. పొంగల్ మూడు రోజుల్లో చివరిదైన కాణుం పొంగల్ నాడు మాత్రం అటువైపు చూడకూడదు. మద్రాసు మద్రాసంతా అక్కడే ఉంటుంది. ఇంట్లో మొసళ్ల పిచ్చి, పాముల పిచ్చి ఉన్న పిల్లాడుంటే వండలూరు కంటే మహాబలిపురం దారిలో 1976లో రొములస్ విటేకర్ మొదలెట్టిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌కు తీసుకెళ్లడమే సబబు. పూటలో అయిపోతుంది, తర్వాత గుళ్లూ చూడొచ్చు.

నడక తక్కువ, చూసేది ఎక్కువ కావాలంటే మైసూరు. 1892 నాటి జూ. 157 ఎకరాల్లోనే అంతా దగ్గర దగ్గరగా, నీడగా ఉంటుంది. దారి తప్పే పనిలేదు. 2021లో జర్మనీ నుంచి రెండు మగ గొరిల్లాలు ఇక్కడికి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భువనేశ్వర్.. అక్కడ అడవి మధ్యలో నందన్‌కానన్. ఘరియల్ మొసళ్లు 1980లో బందీగా ఉంటూ పిల్లలు పెట్టింది ఇక్కడే. ఒంటి నిండా పెంకులుండే అలుగులను పెంచే కేంద్రమూ ఇక్కడుంది.

ఎండాకాలంలో చల్లటి జూ కావాలనుకునేవాళ్లు డార్జిలింగ్ టూరు పెట్టుకుంటే అక్కడున్నది మనవాళ్ల పేరే. సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాదీ అయిన పద్మజా నాయుడు పశ్చిమబెంగాల్ గవర్నరుగా పనిచేశారు. 1958లో మొదలైన ఆ హిమాలయ జూకి తర్వాత ఆమె పేరు పెట్టారు. మంచు చిరుత, ఎర్ర పాండా చూడాలంటే ఇదే. అయితే అంతా ఎత్తుపల్లాల దారి. నానమ్మ మోకాళ్లు మళ్లీ గుర్తుచేసుకోవాలి.

దాక్కునే చోటు సంగతి

ఇందాకటి రెండో ప్రశ్న. మంచి జూలో జంతువులు తక్కువ కనిపిస్తాయి. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. పొదలు, బండలు, నీళ్లు, నీడ ఉన్న ఎన్‌క్లోజర్‌లో పులికి మనుషుల మొహాలు చూడాలనిపించకపోతే లేచి వెళ్లిపోయే వీలుంటుంది. సిమెంటు గచ్చు, నాలుగు గోడలు ఉన్నచోట ఆ వీలుండదు. అక్కడ పులి ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. ఇలా వచ్చి అలా వెళ్తుంది, మళ్లీ అదే దారిలో అలాగే వస్తుంది. ఒకే చోట తిరుగుతుంది, ఒకేచోట అడుగు వేస్తుంది. కంచె వెంబడి గడ్డి మొలవని సన్నటి బాట పడి ఉంటుంది. 'చూడు, ఎంత చురుగ్గా తిరుగుతోందో!' అని మనం సంబరపడతాం. చురుకుదనం కాదది. చేసేందుకేమీ లేని జంతువు విసుగూ బెంగా అలా బయటపడతాయి. ఎలుగు తలను అటూ ఇటూ అదేపనిగా ఊపడం కూడా చాలాసార్లు అలాంటిదే.

కాబట్టి ఇంతకుముందు వెళ్లొచ్చినవాళ్లను అడిగేటప్పుడు 'ఎన్ని పులులున్నాయి' అని కాక 'పులి దగ్గర చెట్లున్నాయా, నీళ్లున్నాయా, ఒక్కటే ఉందా తోడు ఉందా' అని అడగాలి. కోతులకు ఎక్కడానికి తాళ్లు, కొమ్మలు ఉన్నాయా? పక్షులకు రెక్కలు విప్పి నాలుగు బారలు ఎగిరేంత పంజరం ఉందా? ఎండాకాలంలో నీళ్లు చల్లుతున్నారా, కూలర్లు పెట్టారా? వీటికి అవునన్న జవాబొస్తే ఆ జూకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. రోడ్డు పక్కన రిసార్టుల్లో, హోటళ్లలో జనాన్ని రప్పించడానికి నాలుగు బోనులు పెట్టి 'మినీ జూ' అని బోర్డు కట్టినవైతే ఒక్కటి చూడాలి. 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ గుర్తింపు లేకుండా దేశంలో ఏ జూనీ నడపకూడదు. గుర్తింపు లేనిచోట టిక్కెట్టు కొన్నామంటే ఆ బోనుకు అద్దె కట్టినట్టే.

తెల్లపులి గురించి ఒక మాట చెప్పుకోవాలి. 'ఆ జూలో తెల్లపులి ఉందట' అన్న ఒక్క కారణంతో వందల కిలోమీటర్లు వెళ్లే కుటుంబాలున్నాయి. తెల్లపులి వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే. రంగునిచ్చే జన్యువులో తేడా వల్ల అలా పుడుతుంది. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పిల్ల సంతతే జూల్లోని తెల్లపులుల్లో అధికభాగం. ఆ రంగు నిలబెట్టాలని దగ్గరి బంధువులతోనే జతకట్టించడం వల్ల మెల్లకన్ను లాంటి లోపాలూ వాటితోపాటే వచ్చాయి. చూస్తే తప్పేం లేదు, అందంగానే ఉంటుంది. దానికోసమే మంచి జూని వదిలేసి దూరం వెళ్లడం మాత్రం దండగ. అంతకన్నా మన కృష్ణజింకను ఓ పదినిమిషాలు చూస్తే మేలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అది. తెలంగాణది చుక్కల దుప్పి. పిల్లలు జీకే పుస్తకంలో బట్టీపట్టిన ఆ రెండు పేర్లకూ అక్కడ మొహాలు దొరుకుతాయి.

ఏ రోజు, ఎన్నింటికి?

హైదరాబాద్, విశాఖ జూలకు సోమవారం సెలవు. తిరుపతి, వండలూరు, మైసూరులకు మంగళవారం. వందలమంది ఏటా మూసిన గేటు చూసి వెనక్కి వస్తారు. ఆదివారం జనం తొక్కిసలాటలా ఉంటుంది. జనవరి ఒకటి, కనుమ, పండగ మర్నాళ్లు అంతకు మించి. సెలవుల్లో ఉన్న పిల్లలకు బుధవారమైనా ఒకటే, ఆదివారమైనా ఒకటే. నాన్న ఒక్క రోజు సెలవు పెడితే చాలు. పండగ సెలవుల్లో వేళలు, వారపు సెలవులు మారుస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు రోజు జూ వెబ్‌సైట్ చూసుకోవడమో, ఫోన్ చేయడమో చేయాలి.

గేటు తెరిచే వేళకే అక్కడుండాలి. ఇది ఒక్కటి పాటించినా సగం జూ నిద్రలేచి కనిపిస్తుంది. పొద్దున చల్లదనంలో పులులు తిరుగుతాయి, పక్షులు అరుస్తాయి, ఏనుగు ఒంటి మీద మట్టి చల్లుకుంటుంది. పదకొండున్నర దాటాక పాములు, చీకటి గృహం, మ్యూజియంలాంటి నీడపట్టు చోట్లకు మళ్లాలి. ఒంటిగంటకు పులిహోర. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి, ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఇంట్లోనే వదిలేయడం మంచిది. సాయంత్రం నాలుగు తర్వాత మళ్లీ ఒకటి రెండు ఎన్‌క్లోజర్లు చూడొచ్చు.

అన్నీ చూడాలన్న పట్టుదల వదిలేస్తే రోజు ఇంకా బాగుంటుంది. ముందు రోజు రాత్రే ఒక్కొక్కరూ ఒక్కో జంతువును ఎంచుకోవాలి. ఇంట్లో ఆరుగురుంటే ఆరు జంతువులు. ఒక్కోదాని దగ్గర ఇరవై నిమిషాలు. మిగతావి దారిలో కనబడితే సరి, లేకపోతే లేదు. తాతయ్య నక్కను ఎంచుకుంటే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. పంచతంత్రం కథలన్నిట్లో ఉన్న ఆ జిత్తులమారిని వాళ్లలో చాలామంది ఇంతవరకు ప్రాణంతో చూసి ఉండరు.

ఆ రాయి, ఆ చిప్స్ ప్యాకెట్

జూలో జంతువును ఏడిపించడం, అరుపులతో బెదరగొట్టడం, తిండి విసరడం, చెత్త వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం శిక్షపడే నేరాలు. చట్టం సంగతి అలా ఉంచినా, జింక చిప్స్‌తోపాటు కవర్నీ మింగుతుంది. కడుపులో చేరిన ప్లాస్టిక్ అరగదు, బయటకు రాదు. కోతికి అరటిపండు ఇస్తే పుణ్యమని నానమ్మ అనుకోవచ్చు. రోజుకు వెయ్యిమంది తలా ఒకటి ఇస్తే దాని గతేంటో ఆమెకు మెల్లగా చెప్పాలి. దగ్గూ జలుబూ ఉన్న పిల్లల్ని ఆ రోజుకు ఇంట్లోనే ఉంచాలి. మన జబ్బులు వాటికీ అంటుకుంటాయి. 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కొవిడ్ సోకినట్టు తేలింది. అదృష్టవశాత్తూ అవి కోలుకున్నాయి.

ఇంకోటి, పిల్లాణ్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం. ప్రతి జూలో, ప్రతి ఆదివారం కనిపించే దృశ్యమిది. నాన్న చేయి పట్టుకునే ఉంటాడు, నిజమే. ఆ చేత్తోనే ఫోను కూడా పట్టుకుని ఉంటాడు. తిరుపతి జూలో 2024 ఫిబ్రవరిలో సింహం ఆవరణలోకి దిగిన ఓ సందర్శకుడి ప్రాణం పోయింది. కందకం, కంచె పెట్టింది జంతువు బయటికి రాకుండానే కాదు, మనిషి లోపలికి పోకుండా కూడా. పొట్టివాడికి కనబడకపోతే భుజం మీద ఎక్కించుకోవాలి, గోడకు ఓ అడుగు దూరంలో నిలబడి. రద్దీ రోజైతే చిన్నపిల్లల జేబులో నాన్న ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టాలి. తప్పిపోతే గేటు దగ్గరికి పరిగెత్తకుండా ఖాకీ చొక్కా వేసుకున్న జూ మనిషిని అడగమని ముందే చెప్పాలి.

ఆ జూ మనిషితో పెద్దవాళ్లు కూడా నాలుగు మాటలు మాట్లాడొచ్చు. బోర్డు మీద రాసి ఉండేది జంతువు శాస్త్రీయనామం. దానికి ఏ కూర ఇష్టం, ఉరుముకు భయపడుతుందా, పిలిస్తే వస్తుందా లాంటివి తెలిసింది రోజూ తిండి పెట్టే అతనికే. 'అన్నా, దీని పేరేంటి?' అని పిల్లలు మర్యాదగా అడిగితే చెప్పనివాళ్లు తక్కువ.

బయటికొచ్చాక పిల్లలు ఇంకా ఆ ఊసులోనే ఉంటే దత్తత సంగతి చెప్పొచ్చు. హైదరాబాద్, మైసూరు లాంటి జూల్లో ఎవరైనా ఒక జంతువు తిండి ఖర్చు కొంతకాలంపాటు కట్టి దాన్ని దత్తత తీసుకోవచ్చు. ఇంటికి తెచ్చుకోవడం కాదులెండి, అక్కడే ఉంటుంది. పులి, ఏనుగు అంటే జీతాలు చాలవు గానీ చిన్న పక్షులకు పుట్టినరోజు కేకు ఖర్చు తగ్గించుకుంటే సరిపోవచ్చు. మళ్లీ సెలవులొచ్చినప్పుడు 'ఏ జూకి' అన్న చర్చ ఉండదు. మన చిలుక ఎలా ఉందో చూసిరావాలిగా!